వెబ్‌కామిక్ కూటములు: కళాకారులను చేర్చుకున్న పద్ధతుల చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:
• వెబ్‌కామిక్ కూటములు ఏ పరిస్థితులలో పుట్టాయో వివరించగలుగుతారు.
• కళాకారులను చేర్చుకున్న వివిధ పద్ధతులను పోల్చి చూడగలుగుతారు.
• చేరే పద్ధతికీ, కళాకారుడి హక్కులకూ ఆదాయానికీ గల సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
• కూటములు ఎందుకు చీలిపోయాయో కారణాలతో చర్చించగలుగుతారు.

1. పరిచయం

బొమ్మలతో చెప్పే కథను పత్రికకు ఇవ్వకుండా, నేరుగా ఇంటర్నెట్‌లో విడతలవారీగా ప్రచురిస్తే దానిని వెబ్‌కామిక్ అంటారు. అచ్చయిన కామిక్‌ను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టినంత మాత్రాన అది వెబ్‌కామిక్ కాదు. పాఠకుడు దానిని మొట్టమొదట చదివే చోటు ఇంటర్నెట్టే కావాలి. 1993లో డేవిడ్ ఫార్లే ప్రారంభించిన 'డాక్టర్ ఫన్', 1995లో చార్లీ పార్కర్ ప్రారంభించిన 'ఆర్గాన్ జార్క్' తొలితరం వెబ్‌కామిక్‌లలో పేరొందినవి.

ఇటువంటి కళాకారులు కొందరు ఒకే పేరు కింద చేరి, సర్వర్ ఖర్చు, ప్రచారం, ప్రకటనల ఆదాయం, పాఠకులు వీటిలో కొన్నింటినైనా పంచుకుంటే అది కూటమి అవుతుంది. కూటములు ఎక్కువగా అమెరికాలో పుట్టాయి. 1997 తరవాతి పదిహేనేళ్ళు వాటికి ముఖ్యమైన కాలం.

ఒక కూటమి స్వభావం తెలియాలంటే అది ఏ కామిక్‌లను ప్రచురించిందో చూస్తే చాలదు. దాని తలుపు ఎవరి చేతిలో ఉంది, లోపలికి వచ్చేవాడు ఏమి తెచ్చాడు, ఏమి వదులుకున్నాడు అన్నవి కూడా చూడాలి. ఈ ప్రశ్నలు వేసుకుంటే ఒక చిక్కు బయటపడుతుంది. కూటమి ఆదాయం పాఠకుల సంఖ్యను బట్టి ఉంటుంది కాబట్టి, వేలమంది పాఠకులున్న కళాకారుడు దానికి కావాలి. కాని అంతమంది పాఠకులున్నవాడు సొంతంగా బతకగలడు. పాఠకులు లేని కొత్తవాడికి కూటమి చాలా అవసరం. కాని అతనివల్ల కూటమికి వెంటనే వచ్చే లాభం తక్కువ. మనం చూడబోయే పద్ధతులన్నీ ఏదో ఒక విధంగా ఈ చిక్కును విప్పడానికి చేసిన ప్రయత్నాలే.

2. నేపథ్యం: సిండికేట్ల కాలం

వెబ్‌కామిక్‌లకు ముందు అమెరికన్ కార్టూనిస్టుకు ప్రధానంగా రెండు దారులుండేవి. ఒకటి కామిక్ పుస్తకాల కంపెనీ, రెండవది వార్తాపత్రికల సిండికేట్. కార్టూనిస్టు నుంచి స్ట్రిప్ తీసుకుని అనేక పత్రికలకు అమ్మి, వచ్చిన సొమ్ములో అతనికి వాటా ఇచ్చే సంస్థను సిండికేట్ అంటారు. కింగ్ ఫీచర్స్ వీటిలో ప్రసిద్ధమైనది. ఇటువంటి సంస్థలకు ఏటా లెక్కకు మించి నమూనాలు వచ్చేవి, ఎంపికయ్యేవారు మాత్రం కొద్దిమంది. మన వారపత్రికలకు కార్టూన్లు పంపినవారు తిరుగుటపాకు స్టాంపులు అంటించిన కవరు కూడా జతచేసి ఎదురుచూసిన రోజులను గుర్తుచేసుకుంటే ఈ పద్ధతి తేలికగా అర్థమవుతుంది. ఎవరు అచ్చులోకి రావాలో నిర్ణయించేది సంపాదకుడు ఒక్కడే.

ఎంపికైనవారు హక్కుల విషయంలో చెల్లించిన మూల్యం కూడా పెద్దదే. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే యువకులు సూపర్‌మ్యాన్ పాత్ర మీది హక్కులను 130 డాలర్లకు వదులుకున్నారు. ఆ తరవాత దశాబ్దాల పాటు వారు న్యాయపోరాటం చేయవలసి వచ్చింది. అమెరికన్ కార్టూనిస్టులు ఈ ఉదంతాన్ని మరచిపోలేదు. 1988లో కొందరు కళాకారులు సృష్టికర్తల హక్కుల ప్రకటనను రూపొందించారు. దాని రచనలో ముఖ్యపాత్ర వహించిన స్కాట్ మెక్‌క్లౌడ్ 2000లో 'రీఇన్వెంటింగ్ కామిక్స్' అనే గ్రంథం ప్రచురించి, మధ్యవర్తులు లేకుండా కళాకారుడు పాఠకుడిని నేరుగా చేరే అవకాశం ఇంటర్నెట్ వల్ల వచ్చిందని వాదించాడు.

ఆ అవకాశం నిజమే. అయితే దానివల్ల సంపాదకుడి పని కూడా కళాకారుడి మీద పడింది. కామిక్‌ను ఎక్కడ పెట్టాలి? పాఠకులు పెరిగేకొద్దీ పెరిగే బ్యాండ్‌విడ్త్ ఖర్చు ఎవరు భరించాలి? కొత్త పాఠకుడికి తన కామిక్ ఉన్నట్టు తెలిసేదెలా? కూటములు పుట్టింది ఈ మూడు ప్రశ్నలకు జవాబుగానే.

3. తొలి కూటములు: బిగ్ పాండా, కీన్‌స్పాట్

కూటములకు ముందు కళాకారులు పరస్పరం లింకులు ఇచ్చుకునేవారు. ఒకరి కామిక్ పేజీ అడుగున మరొకరి చిరునామా ఉండేది. ఒకరు సెలవు తీసుకుంటే మరొకరు అతిథి స్ట్రిప్ గీసి ఇచ్చేవారు. ఒకరి పాత్రలు మరొకరి కథలో కనిపించేవి. పైకి ఇవి స్నేహపూర్వకమైన మర్యాదలు. కాని ఎవరు గడువుకు పని ఇస్తారు, ఎవరి పాఠకులు ఎటువంటివారు, ఎవరితో కలిసి నడవవచ్చు అన్నది తెలుసుకునే పరీక్షలుగా కూడా ఇవి పనిచేశాయి. తరవాతి కాలంలో వచ్చిన ఆహ్వానాలు చాలావరకు ఈ పరిచయాల మీద ఆధారపడ్డవే.

1997లో బ్రయన్ మెక్‌నెట్ ప్రారంభించిన బిగ్ పాండా అనేక వెబ్‌కామిక్‌లకు ఒకేచోట స్థానం కల్పించింది. అదే సంవత్సరం ఆగస్టులో పీట్ అబ్రమ్స్ మొదలుపెట్టిన 'స్లగ్గీ ఫ్రీలాన్స్' దానిలో పేరు తెచ్చుకుంది. బిగ్ పాండా నిలదొక్కుకోలేకపోయింది. 2000 మార్చిలో క్రిస్ క్రాస్బీ, డారెన్ బ్లూయెల్ తదితరులు కీన్‌స్పాట్‌ను స్థాపించారు. క్రాస్బీ, బ్లూయెల్ స్వయంగా వెబ్‌కామిక్ కళాకారులు. అప్పటికే పాఠకులున్న కామిక్‌లను ఎంచుకుని చేర్చుకోవడం, కళాకారుడి హక్కులు అతని దగ్గరే ఉంచడం, ప్రకటనల ఆదాయాన్ని పంచుకోవడం వారి పద్ధతి.

అదే ఏడాది కీన్‌స్పాట్ మరొక ఏర్పాటు చేసింది. కీన్‌స్పేస్ అనే పేరుతో ఎవరైనా ఉచితంగా తమ కామిక్‌ను పెట్టుకునే చోటు కల్పించింది. దీనికి ఎంపిక లేదు. కళాకారుడు చోటు పొందుతాడు, అతని పేజీల మీద సంస్థ ప్రకటనలు కనిపిస్తాయి. వారిలో పాఠకులను సంపాదించుకున్నవారిని కీన్‌స్పాట్‌లోకి తీసుకోవచ్చు. అందరికీ తెరిచిన వాకిలి ఒకటి, పిలిస్తేనే రాగల లోపలి గది మరొకటి అన్నమాట. కొత్తవారి అవసరాన్నీ కూటమి అవసరాన్నీ ఒకే కప్పు కిందికి తెచ్చిన ఈ రెండంచెల పద్ధతి చరిత్రలో ముఖ్యమైనది. 2005లో కీన్‌స్పేస్ పేరు కామిక్ జెనెసిస్‌గా మారింది. పద్ధతి మాత్రం, మనం 6వ భాగంలో చూడబోతున్నట్టు, చాలా పెద్ద సంస్థలకు కూడా పనికివచ్చింది.

కీన్‌స్పాట్ పుట్టిన సమయం అనుకూలమైనది కాదు. 2000లోనే డాట్‌కామ్ కంపెనీల పతనం మొదలై ఇంటర్నెట్ ప్రకటనల ధరలు పడిపోయాయి. పంచుకోవడానికి ఆదాయం తగ్గినప్పుడు, పాఠకులను ఎక్కువగా తెచ్చే సభ్యుడికి సహజంగానే ఒక సందేహం కలుగుతుంది: నేను కూటమి వల్ల బతుకుతున్నానా, కూటమి నా వల్ల బతుకుతున్నదా?

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
(అ) కూటమికి ముందు కళాకారులు ఒకరినొకరు తెలుసుకున్న మార్గాలేవి?
(ఆ) కీన్‌స్పాట్, కీన్‌స్పేస్‌ల మధ్య తేడా ఏమిటి?

4. సంపాదకుడి ఎంపిక: మోడర్న్ టేల్స్

ప్రకటనలను నమ్ముకోలేమని తేలిన తరవాత చందా పద్ధతి ముందుకు వచ్చింది. 2002 మార్చిలో జోయీ మాన్లీ మోడర్న్ టేల్స్‌ను ప్రారంభించాడు. సుమారు 30 మంది కళాకారులతో మొదలైన ఈ కూటమికి చందా నెలకు 2.95 డాలర్లు, ఏడాదికి 29.95 డాలర్లు. తాజా పేజీని ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. పాత పేజీలు చదవాలంటే చందా కట్టాలి.

ఈ ఏర్పాటు వల్ల ఎంపిక సూత్రం మారింది. ప్రకటనల మీద నడిచే కూటమికి ఎక్కువమంది పాఠకులు కావాలి. చందా మీద నడిచే కూటమికి డబ్బు కట్టి చదివే పాఠకులు కావాలి. ఆ పాఠకుడు ఒక్క కామిక్ కోసం కాక మొత్తం బృందం మీద నమ్మకంతో చందా కడతాడు. కాబట్టి ఇక్కడ అభిరుచి గల సంపాదకుడికి మళ్ళీ ప్రాధాన్యం వచ్చింది. మాన్లీ తరవాత అనుబంధ కూటములను ఏర్పరచి ఒక్కొక్కదానిని ఒక్కొక్క సంపాదకుడికి అప్పగించాడు. ప్రయోగాత్మక కామిక్‌ల కోసం 2002లో వచ్చిన సీరియలైజర్‌కు టామ్ హార్ట్, 2003లో వచ్చిన గర్లమాటిక్‌కు లియా హెర్నాండెజ్ సంపాదకులు. పురుషుల ఆధిక్యం కొనసాగుతున్న అమెరికన్ కామిక్ రంగంలో మహిళా పాఠకులనూ కళాకారిణులనూ దృష్టిలో పెట్టుకుని వెలువడిన వేదిక గర్లమాటిక్. పాఠకుల సంఖ్య ఒక్కటే కొలబద్ద అయి ఉంటే ఇటువంటి వేదిక ఏర్పడి ఉండేది కాదు.

మంచి సంపాదకుడి ఎంపిక ఎంత దూరం తీసుకువెళ్ళగలదో జీన్ లూయెన్ యాంగ్ ఉదాహరణ చూపుతుంది. కాలిఫోర్నియాలో పాఠశాల ఉపాధ్యాయుడుగా పనిచేస్తున్న యాంగ్ రచించిన 'అమెరికన్ బార్న్ చైనీస్' మోడర్న్ టేల్స్‌లో ధారావాహికగా వచ్చింది. 2006లో పుస్తకరూపం పొంది, అమెరికా నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాకు చేరిన తొలి గ్రాఫిక్ నవలగా నిలిచింది. 2007లో ప్రింట్జ్ అవార్డు పొందింది.

అయినా చందా పద్ధతిలో ఒక లోపం ఉంది. పాత పేజీలకు తాళం వేస్తే కొత్త పాఠకుడు కథ మొదటినుంచి చదవలేడు. అందువల్ల పేరు లేని కళాకారుడికి పాఠకులు పెరగడం కష్టం. పేరున్న కళాకారుడేమో కామిక్‌ను ఉచితంగా ఉంచి, పుస్తకాలు, టీషర్టులు అమ్ముకుని అంతకంటే ఎక్కువ సంపాదించగలడు. అంటే మనం మొదట చెప్పుకున్న చిక్కు రెండు వైపుల నుంచీ బిగిసింది. మోడర్న్ టేల్స్ 2013లో మూతపడింది. మాన్లీ అదే సంవత్సరం మరణించాడు.

5. మిత్రుల ఆహ్వానం: చిన్న బృందాలు

పెద్ద కూటముల మీద అసంతృప్తితో కొందరు చిన్న బృందాలుగా ఏర్పడ్డారు. 'గోట్స్' కళాకారుడు జాన్ రోసెన్‌బర్గ్ చొరవతో ఏర్పడిన డంబ్రెల్లా, 2005లో కీన్‌స్పాట్ నుంచి బయటికి వచ్చిన క్రిస్టఫర్ స్ట్రాబ్, డేవిడ్ విల్లిస్ తదితరులు ఏర్పరచుకున్న బ్లాంక్ లేబుల్ కామిక్స్, 2006లో న్యూయార్క్‌లో డీన్ హాస్పియల్ ప్రారంభించిన యాక్టివేట్ ఇందుకు ఉదాహరణలు.

వీటిలో దరఖాస్తు అనే మాటే దాదాపు లేదు. ఉన్న సభ్యులు తమకు తెలిసినవారిని, తాము మెచ్చినవారిని పిలుస్తారు. యజమాని, ఉద్యోగి అన్న భేదం లేదు. సమానులు సమానులను ఎంచుకుంటారు. కామిక్ ప్రదర్శనల్లో ఒకే బల్ల అద్దెకు తీసుకుని కలిసి పుస్తకాలు అమ్ముకోవడం, ఒకరి పాఠకులను మరొకరి వద్దకు పంపడం, ముద్రాపకుల గురించి సమాచారం పంచుకోవడం వీరి ప్రధాన కార్యక్రమాలు. డంబ్రెల్లా సభ్యుడైన జెఫ్రీ రోలాండ్ 2004లో స్థాపించిన టొపాటోకో, వెబ్‌కామిక్ కళాకారుల వస్తువులను పాఠకులకు అమ్మి పంపించే సంస్థగా ఎదిగింది. కూటమి పేరు పక్కకు పోయినా, దానిలో పుట్టిన సేవ నిలిచింది.

ఈ పద్ధతికి గల బలం పరస్పర విశ్వాసం. దాని బలహీనత కూడా అక్కడే ఉంది. పరిచయం ఉన్నవారికే పిలుపు వస్తే, పరిచయాలు లేని ఊళ్ళో కూర్చుని గీసేవాడి సంగతేమిటి? ప్రదర్శనలకు వెళ్ళగల స్తోమత, పెద్ద నగరంలో నివాసం, ఒకే రకమైన హాస్యం ఇష్టపడే మిత్రులు ఇవన్నీ ఎవరూ రాయని అర్హతలైపోతాయి. సంపాదకుడు తిరస్కరిస్తే కనీసం తిరస్కరించినట్టు తెలుస్తుంది. పిలుపు రానివాడికి తన పేరు అసలు చర్చకు వచ్చిందో లేదో కూడా తెలియదు.

ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నమే సభ్యులు నడుపుకొనే కూటములలో కనిపించే బహిరంగ దరఖాస్తు పద్ధతి. స్పైడర్‌ఫారెస్ట్ దీనికి ఉదాహరణ. ఇక్కడ నిర్ణీత కాలంలో దరఖాస్తులు ఆహ్వానించి, వచ్చిన కామిక్‌లను ఉన్న సభ్యులు చదివి నిర్ణయిస్తారు. ఇటువంటి పరిశీలనలో సాధారణంగా చూసే అంశాలు నాలుగు: ఇప్పటికే ఎన్ని పేజీలు ప్రచురించారు, చెప్పిన రోజున కొత్త పేజీ వస్తున్నదా, కథనంలోనూ బొమ్మలోనూ ఎదుగుదల ఉన్నదా, తోటివారితో కలిసి పనిచేయగలరా. పాఠకుల సంఖ్య వీటిలో ప్రధానం కాదన్నది గమనించండి. ఆదాయం పంచడం కంటే పని, అనుభవం పంచుకోవడమే ఆశయమైన చోట ఆ చిక్కు ముడి కొంత సడలుతుంది. అయితే ఇటువంటి కూటమి కొత్తవాడికి ఇవ్వగలిగింది తోడు, సలహా, కొద్దిపాటి ప్రచారం. జీవనోపాధిని ఇవ్వడం దానికి కష్టం.

6. పోటీ ద్వారా ఎంపిక: జూడా, వెబ్‌టూన్

కళాకారుల కూటములు సాధించిన విజయాన్ని పెద్ద సంస్థలు గమనించాయి. 2007 అక్టోబరులో డీసీ కామిక్స్ సంస్థ జూడా కామిక్స్‌ను ప్రారంభించింది. నెలకు పది కామిక్‌లను పోటీకి నిలిపేవారు. ఒక్కొక్క దానిలో ఎనిమిది పేజీలు ఉండేవి. పాఠకుల ఓట్లను బట్టి గెలిచినవారికి కథ కొనసాగించడానికి ఒప్పందం, పారితోషికం లభించేవి. డేవిడ్ గల్లహర్, స్టీవ్ ఎల్లిస్ రూపొందించిన 'హై మూన్' తొలి పోటీలో గెలిచింది. ఇక్కడ తలుపు పాఠకుల చేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. కాని ఆ పది కామిక్‌లను ఎంచేది సంస్థే. ఒప్పందం రాసేదీ సంస్థే. హక్కులకు సంబంధించిన షరతుల మీద అప్పట్లోనే కళాకారులలో విస్తృతంగా చర్చ జరిగింది. పోటీలో ఓట్ల కోసం తన పాఠకులను, స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చింది కూడా కళాకారుడే. అంటే సంస్థకు ప్రచారం అతని ఖర్చుతోనే జరిగింది. 2010లో జూడా మూతపడింది.

దక్షిణ కొరియాలో ఇదే ఆలోచన మరింత పెద్ద రూపం దాల్చింది. 2004లో నావెర్ సంస్థ ప్రారంభించిన వెబ్‌టూన్ సేవలో, ఎవరైనా కథను పెట్టగల ఔత్సాహికుల విభాగం ఒకటి ఏర్పడింది. అక్కడ ఆదరణ పొందినవారు పై అంచెకు, అక్కడినుంచి పారితోషికంతో కూడిన ధారావాహికకు ఎదుగుతారు. ఇంగ్లీషు సేవ 2014లో ప్రారంభమైంది. న్యూజీలాండ్ కళాకారిణి రేచెల్ స్మైత్ 'లోర్ ఒలింపస్' ఈ ఔత్సాహికుల విభాగంలో మొదలై, 2018లో సంస్థ సొంత ధారావాహికగా మారి, 2022లో ఉత్తమ వెబ్‌కామిక్‌గా ఐస్నర్ అవార్డు పొందింది.

కీన్‌స్పేస్, కీన్‌స్పాట్‌ల రెండంచెల ఏర్పాటును ఇక్కడ మీరు వెంటనే పోల్చుకోగలరు. తేడా యాజమాన్యంలో ఉంది. కీన్‌స్పాట్‌ను నడిపినవారు తామూ కామిక్‌లు గీసినవారే. వెబ్‌టూన్ ఒక పెద్ద కంపెనీ, దాని అమెరికన్ సంస్థ 2024లో నాస్‌డాక్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది. కళాకారులకు అంతకుముందు ఊహించలేనంత పాఠకలోకం దొరికింది. దానితోపాటు వారం వారం రంగులతో దీర్ఘమైన భాగం పూర్తిచేయవలసిన శ్రమభారం కూడా వచ్చింది. అందువల్ల దీనిని కూటమి అనడం కంటే, కూటముల ఎంపిక పద్ధతిని స్వీకరించిన ప్రచురణ సంస్థ అనడం సమంజసం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
(అ) చిన్న బృందాల ఆహ్వాన పద్ధతిలోని గుణదోషాలు ఏమిటి?
(ఆ) జూడా పోటీలో నిజమైన నిర్ణయాధికారం ఎవరిది? మీ సమాధానాన్ని సమర్థించండి.

7. కూటముల ప్రాధాన్యం ఎందుకు తగ్గింది?

కూటమి ఒకప్పుడు ఇచ్చిన వసతులు ఒక్కొక్కటిగా విడివిడిగా దొరకడం మొదలైంది. 2006లో 'డైనోసార్ కామిక్స్' కళాకారుడు రయన్ నార్త్ ప్రాజెక్ట్ వండర్‌ఫుల్ అనే ప్రకటనల వేలం సేవను ప్రారంభించాడు. దానివల్ల చిన్న కళాకారుడు కూడా కొద్ది సొమ్ముతో తోటి కళాకారుడి పేజీలో ప్రకటన ఇవ్వగలిగాడు. 2018 వరకు అది నడిచింది. 2009లో వచ్చిన కిక్‌స్టార్టర్ పుస్తక ముద్రణకు ముందస్తు సొమ్మును, 2013లో వచ్చిన పేట్రియాన్ నెలవారీ ఆర్థిక సహాయాన్ని పాఠకుల నుంచి నేరుగా తెచ్చిపెట్టాయి. సర్వర్ ఖర్చులు కూడా తగ్గాయి. ఈలోగా పాఠకులు సామాజిక మాధ్యమాలకు అలవాటుపడి, ఒక కూటమి మొదటి పేజీకి వచ్చి కొత్త కామిక్‌ను వెతుక్కునే అలవాటు పోయింది.

ఇక్కడ ఒక ముగింపు తొందరపాటుగా చేయకూడదు. మధ్యవర్తి అంతరించలేదు, రూపం మార్చుకున్నాడు. ఏ కామిక్ ఎవరి కంటపడాలో ఇప్పుడు మాధ్యమాల లెక్కలు నిర్ణయిస్తున్నాయి. సిండికేట్ సంపాదకుడు కనీసం ఉత్తరానికి జవాబిచ్చే మనిషి. కూటమి సభ్యుడు తోటి కళాకారుడు. ఈ లెక్కలను మాత్రం ఎవరూ ప్రశ్నించలేరు. కొన్ని చిన్న కూటములు ఇప్పటికీ కొనసాగడానికి కారణం ఇదే కావచ్చు. తన పేజీని చదివి, ఎక్కడ బాగుందో ఎక్కడ లేదో చెప్పే తోటి కళాకారుడి అవసరం ఏ సేవతోనూ తీరదు.

8. సమీక్ష

పై చరిత్రలో నాలుగు రకాల తలుపులను చూశాం: సంపాదకుడి ఎంపిక, మిత్రుల ఆహ్వానం, సభ్యుల పరిశీలనతో కూడిన దరఖాస్తు, పాఠకుల ఓట్లతో జరిగే పోటీ. వీటిలో ఏదీ పూర్తిగా న్యాయమైనది కాదు, ఏదీ పూర్తిగా అన్యాయమైనదీ కాదు. సంపాదకుడు గర్లమాటిక్ వంటి కొత్త దారి తీయగలడు, తన అభిరుచికి నచ్చనివారిని ఆపనూగలడు. మిత్రులు హక్కులను గౌరవిస్తారు, అపరిచితులను మరచిపోతారు. దరఖాస్తు పద్ధతి అందరికీ తెరిచి ఉంటుంది, పంచడానికి దాని దగ్గర సొమ్ము తక్కువ. పోటీ పెద్ద పాఠకలోకాన్ని ఇస్తుంది, షరతులు సంస్థవి.

మీలో బొమ్మలు గీసేవారు, కథలు రాసేవారు ఉంటే ఈ చరిత్ర కేవలం పరీక్షకు సంబంధించినది కాదు. రేపు ఏ కూటమో, యాప్ సంస్థో మిమ్మల్ని ఆహ్వానించవచ్చు. సంతకం చేసే ముందు చూడవలసినవి: హక్కులు ఎవరి పేరున ఉంటాయి, ఆదాయం ఏ లెక్కన పంచుతారు, బయటికి రావాలనుకుంటే మీ పాత పేజీలను మీతో తీసుకువెళ్ళవచ్చా. బ్లాంక్ లేబుల్ కళాకారులు 2005లో తమ కామిక్‌లతో సహా బయటికి రాగలిగింది హక్కులు వారి దగ్గర ఉన్నందువల్లే. 1938లో సీగెల్, షుస్టర్‌లకు ఆ వీలు లేకపోయింది. లోపలికి వెళ్ళే తలుపును ఎంత శ్రద్ధగా చూస్తామో, బయటికి వచ్చే తలుపును అంతకంటే శ్రద్ధగా చూడాలి.

సారాంశం

వెబ్‌కామిక్ కళాకారుల ఒంటరితనం, ఖర్చులు, ప్రచారలేమి వల్ల కూటములు పుట్టాయి. బిగ్ పాండా, కీన్‌స్పాట్ ప్రకటనల ఆదాయం మీద, మోడర్న్ టేల్స్ చందాల మీద, డంబ్రెల్లా, బ్లాంక్ లేబుల్ వంటివి పరస్పర విశ్వాసం మీద ఆధారపడ్డాయి. జూడా, వెబ్‌టూన్ పోటీ ద్వారా ఎంపికను కంపెనీల చేతికి తెచ్చాయి. కూటమికి కావలసిన కళాకారుడికి కూటమి అవసరం తక్కువ కావడం వీటి చీలికలకు ముఖ్య కారణం. చేరే పద్ధతి ఎలా ఉన్నా, హక్కులు తన దగ్గర ఉంచుకున్న కళాకారుడే స్వేచ్ఛగా నిష్క్రమించగలిగాడు.

కీలక పదాలు

సిండికేట్: కార్టూనిస్టుల స్ట్రిప్‌లను అనేక పత్రికలకు అమ్మే సంస్థ.
అతిథి స్ట్రిప్: ఒక కళాకారుడి కామిక్ కోసం మరొకరు గీసి ఇచ్చే భాగం.
రెండంచెల పద్ధతి: అందరికీ తెరిచిన విభాగం నుంచి కొందరిని ఎంచి పై విభాగంలోకి తీసుకునే ఏర్పాటు.

మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వెబ్‌కామిక్ కూటములు కళాకారులను చేర్చుకున్న పద్ధతులను ఉదాహరణలతో వివరించండి.
2. "కూటమికి కావలసినవారికి కూటమి అవసరం తక్కువ." ఈ వాక్యాన్ని కీన్‌స్పాట్, మోడర్న్ టేల్స్ చరిత్రల ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మోడర్న్ టేల్స్ చందా పద్ధతిలోని లోపం ఏమిటి?
2. కీన్‌స్పేస్ పద్ధతికీ, వెబ్‌టూన్ పద్ధతికీ గల పోలికలు, తేడాలు రాయండి.
3. 2006 తరవాత కూటముల ప్రాధాన్యం తగ్గడానికి కారణాలేవి?